లేబుల్ లేని ఐదు సీసాలు

జర్మనీకి వచ్చిన రెండేళ్లలో ఎవరూ అడక్కుండా నేను చేసిన మంచి పని ఒక్కటే. అదే నా కొంప ముంచింది.

కార్ల్స్‌రూహెలో ట్రామ్ ఎక్కి తూర్పుకి పోతే డుర్లాఖ్ అనే పాత పేట వస్తుంది. అక్కడ నాలుగంతస్తుల ఇంట్లో మూడో అంతస్తు నాది. ఈ దేశంలో అద్దె ఇంటితో పాటు నేలమాళిగలో చిన్న గది కూడా ఇస్తారు. కెల్లర్ అంటారు. గదికీ గదికీ మధ్య గోడలుండవు, చెక్కపట్టీల తడికలే. జర్మన్లు అందులో సైకిళ్లు పెట్టుకుంటారు. నేను ఆవకాయ పెట్టుకున్నాను.

మాది నూజివీడు. మా అమ్మ రమామణి ముప్ఫయ్యేళ్లుగా ఊరగాయలు పెట్టి అమ్ముతోంది. "చల్లగా, చీకటిగా ఉన్నచోట పెట్టరా సుధీ. ఫ్రిజ్‌లో పెట్టావంటే మాత్రం నీకూ నాకూ చెల్లు" అని చెప్పి మరీ పంపింది. అంత చల్లని చీకటి మా కెల్లర్‌లో తప్ప ఎక్కడుంటుంది?

అక్టోబర్లో ఒక బుధవారం ఆఫీసు నుంచి త్వరగా వచ్చి, అన్నంలోకి కాస్త ఆవకాయ తెచ్చుకుందామని కిందికి దిగాను. చూస్తే జాడీ మూత వదులైపోయింది. పై అరలోంచి నూనె కారి, తడిక సందులోంచి పక్క గదిలోకి చుక్కచుక్కగా పడుతోంది. సరిగ్గా దాని కింద, చిన్న చెక్క స్టాండులో ఐదు వైన్ సీసాలు పడుకుని ఉన్నాయి. ఐదింటి మీదా ఎర్రటి నూనె!

ఇక్కడివాళ్లు చెత్త తప్పు డబ్బాలో వేస్తేనే తలుపుకి చీటీ అంటిస్తారు. ఇక ఇదంటే పోలీసులే వస్తారనిపించింది. తడికలో ఒక పట్టీ విరిగి ఉంది. చెయ్యి దూర్చి, సీసాలు ఒక్కొక్కటే తీసి, మా వంటింటి సింకులో వేడినీళ్లు నింపి, సబ్బు వేసి శుభ్రంగా తోమాను.

లేబుళ్లు వాటంతటవే ఊడి నీళ్లమీద తేలాయి.

అయినా నేను కంగారు పడలేదు. ఐదు లేబుళ్లనీ హీటర్ మీద ఆరబెట్టి, ఒక కవర్లో పెట్టాను. సీసాలు తళతళా తుడిచి ఆ పక్క కెల్లర్ తలుపు ముందు నిటారుగా వరసలో నిలబెట్టాను. ద్రవం ఉన్న సీసాని ఎవరైనా పడుకోబెడతారా, పాపం తెలీదేమో అని జాలి కూడా పడ్డాను. కార్కు ఎండిపోకుండా వైన్‌ని అలాగే పడుకోబెడతారని అప్పటికి నాకు తెలీదు. "క్షమించండి, నూనె నాది, అన్నీ కడిగేశాను" అని ఇంగ్లీషులో రాసి, కింద నా పేరూ ఫ్లాట్ నంబరూ వేశాను.

సాయంత్రం ఆరింటికి కాలింగ్ బెల్ మోగింది. ఒకసారి కాదు, ఐదుసార్లు.

తలుపు తీశాను. ఎదురుగా ఒక అమ్మాయి, నా వయసే ఉంటుంది. పసుపు రంగు రెయిన్‌కోటు, వాన చినుకులు అంటిన జుట్టు, జలుబుతో ఎర్రగా కందిపోయిన ముక్కు. కోపంగా ఉన్న మనిషిని చూసి కళ్లు ఇంత పెద్దవేమిటి అనుకోవడం తప్పేగానీ, అనుకున్నాను.

"డూ యూ హావ్ ఎనీ ఐడియా వాట్ యూ హావ్ డన్?"

"అమ్మో..." అన్నాను, నోరుజారి.

ఆ కళ్లు ఇంకాస్త పెద్దవయ్యాయి. "తెలుగా? దేవుడా, ఇంకా ఘోరం! జర్మన్ అయితే కనీసం తిట్టి ఊరుకునేదాన్ని."

"మీరూ తెలుగేనా?"

"ప్రతిమ. నాలుగో అంతస్తు. పుట్టింది ఈ ఊళ్లోనే." ఒక తుమ్ము తుమ్మింది. "మీరు కడిగినవి ఏంటో తెలుసా? దక్షిణ ఫ్రాన్స్‌లో ఒక చిన్న రైతు చేసే వైన్. గ్రెనాష్, సిరా, మూర్వెద్ర్ అని మూడు ద్రాక్షలు కలిపి చేస్తాడు. ఐదు వేసవులు అక్కడికెళ్లి పళ్లు కోసి, ఏడాదికొకటి చొప్పున తెచ్చుకున్నా. నాలుగేళ్లది, ఐదేళ్లది, ఆరేళ్లది, ఏడేళ్లది, ఎనిమిదేళ్లది. ఒక్కోటీ ఒక్కటే ఉంది. ఇప్పుడు ఏది ఏదో చెప్పండి చూద్దాం!"

"లేబుళ్ల మీద సంవత్సరాలున్నాయి కదండీ. కవర్లో భద్రంగా పెట్టాను."

"ఆ లేబుల్ ఏ సీసాదో సీసా మీద రాసుందా?"

లేదు. ఆ సంగతి నాకు అప్పుడే తట్టింది.

"కార్కు మీద ఉండదా?"

"ఉండదు. ఆయన మామూలు కార్కులే వాడతాడు. లేబుళ్లు కూడా ఇంట్లో జిగురు కాచి చేత్తో అంటిస్తాడు. అందుకే మీ వేడినీళ్లకి హాయిగా ఊడొచ్చాయి." ఆ మాటతో ఆమె కోపం కాస్తా నీరుగారిపోయింది. మెట్టు మీద కూర్చుండిపోయింది. "శనివారం నాకు చాలా ముఖ్యం సుధీంద్ర గారూ. అంతా పోయింది."

నా పేరు చీటీలో చదివిందన్నమాట. అంత బాధలోనూ నాకు ఆ పిలుపు బాగుంది. సిగ్గులేని గుండె.

కూర్చోబెట్టి టీ ఇస్తే విషయం చెప్పింది. ఊళ్లో ఫ్రావ్ లిండ్నర్ అనే ఆవిడకి వైన్ షాపు ఉంది. ప్రతిమ అక్కడ పనిచేస్తుంది. ఎర్ర వైన్లు కొనే బాధ్యత ఇక వేరేవాళ్లకి అప్పగించాలని ఆవిడ అనుకుంటోంది. శనివారం మధ్యాహ్నం షాపులో ప్రతిమ ఈ ఐదు సీసాలూ తెరిచి, ఈ వైన్ ఎన్నేళ్లకి పండుతుందో నిరూపించాలి. నిరూపిస్తే ఆ బాధ్యత తనది, ఆ రైతు ఈ ఏటి పంటంతా షాపు నేలమాళిగలోకి వస్తుంది. లేకపోతే హానోవర్ నుంచి వచ్చే అనుభవజ్ఞుడికి ఆ కుర్చీ ఇచ్చేస్తారు.

"నా లెక్క ప్రకారం ఆరో ఏట ఇది అద్భుతంగా ఉంటుంది. ముందు తెరిస్తే తొందర, తర్వాత తెరిస్తే ఆలస్యం. ఇంకోటి... శనివారం నాన్నగారు వస్తానన్నారు. మొదటిసారి."

వాళ్ల నాన్నగారు డాక్టర్ భాస్కరమూర్తి, ఈ ఊళ్లో నలభయ్యేళ్లు గుండె జబ్బులు చూసి రిటైరైన పెద్దమనిషి. కూతురేం చేస్తోందని తెలుగు సంఘంలో ఎవరైనా అడిగితే 'ఫుడ్ సైన్స్' అని చెప్పి మాట మారుస్తారట.

"కార్కు తీయకుండా సన్నటి సూదితో రెండు చుక్కలు లాగే పరికరం షాపులో ఉంది. తెస్తాను. కానీ ఏం లాభం? ఈ జలుబులో నాకు కాఫీకీ కిరోసిన్‌కీ తేడా తెలీట్లేదు."

నేను గొంతు సవరించుకున్నాను. "నాకు ముక్కుందండీ."

"అందరికీ ఉంటుంది."

"అలాంటిది కాదు. పదేళ్లప్పట్నుంచీ మా అమ్మ నా కళ్లకి గుడ్డ కట్టి, జాడీ మూత తీసి, ఇది ఏ ఏటిదో చెప్పమనేది. ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు."

ప్రతిమ నన్ను పరీక్షగా చూసింది. వేరే దారి లేనివాళ్లు అలాగే చూస్తారు.

* * *

గురువారం సాయంత్రం మా వంటింటి బల్ల మీద ఐదు సీసాలు, ఐదు గాజు గ్లాసులు, ఒక ఖాళీ గిన్నె. ప్రతిమ సూది గుచ్చి ఒక్కో గ్లాసులో రెండు చెంచాల వైన్ తీసింది. బయట వాన కిటికీ మీద టపటపలాడుతోంది.

"గ్లాసు తిప్పండి. అలా కాదు, అది చిలకడం! మెల్లగా. ఇప్పుడు వాసన చూసి, నోట్లో వేసుకుని, ఉమ్మెయ్యండి."

"ఉమ్మాలా? ఆడపిల్ల ముందా?"

"ఈ ఉద్యోగంలో అందరూ అందరి ముందూ ఉమ్ముతారు."

"అసలు నేను తాగనండీ. అమ్మకి మాటిచ్చాను."

"తాగమని ఎవరన్నారు? రుచి చూడమన్నా. క్వాచ్!" అంది. అర్థంలేని మాటలకి జర్మన్లు వాడే పదం అది. ఆ తర్వాత నా జీవితంలో అది చాలాసార్లు విన్నాను.

నేను అమ్మకి వీడియో కాల్ చేశాను. ప్రతిమ నుదురు కొట్టుకుంది. అమ్మ తెరమీదికి వచ్చి గ్లాసులు చూసింది, పిల్లని చూసింది, మళ్లీ గ్లాసులు చూసింది.

"ఏంట్రా అది?"

జరిగిందంతా చెప్పాను. నూజివీడులో అప్పుడు పొద్దుపోయినా అమ్మకి నిద్రమత్తు ఎగిరిపోయింది.

"అంటే నా ఆవకాయ నూనె ఈ పిల్ల సరుకు పాడుచేసిందంటావ్. ఒరేయ్, సరుకు పోతే ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆ పిల్లకి సాయం చెయ్యి. నాలిక మీద వేసుకో, మింగకు. రుచి చూడకుండా ఊరగాయ వయసు చెప్పేవాడు ఇంకా పుట్టలేదు."

"థాంక్యూ ఆంటీ" అంది ప్రతిమ, ముక్కు చీదుతూ.

"ఏమ్మా, జలుబా? సుధీ, రేపు మిరియాల చారు పెట్టివ్వరా. మూడు పూటలా! ఇదిగో, మొదటి వాసన నమ్మకు. మూత తియ్యగానే వచ్చేది ఘాటు. అది పోయాక వచ్చేదే అసలు వాసన."

ప్రతిమ ఆశ్చర్యంగా నావైపు తిరిగింది. "మా కోర్సులో ఇదే ఒక వారం చెప్పారు!"

నేను కళ్లు మూసుకున్నాను. మొదటి గ్లాసులో మూడు రకాల వాసనలు మూడు దిక్కుల్నుంచి అరుస్తున్నాయి. నేరేడు పండొకటి, మిరియం ఒకటి, తడిసిన తోలు ఒకటి. కొత్తావకాయలో ఆవపిండి వేరు, కారం వేరు, ముక్క వేరు అన్నట్టు. "ఇది అన్నిటికన్నా చిన్నది" అన్నాను. మూడో గ్లాసులో ఆ అరుపుల్లేవు, ఎండిన అత్తిపండూ పొగాకూ మాత్రం ఉన్నాయి. "ఇది పెద్దది. ఎనిమిదేళ్లది." ఐదోది దానికి తమ్ముడిలా ఉంది. ఏడేళ్లదన్నాను.

మిగిలిన రెండింటి దగ్గరా ఆగిపోయాను. ఒకటి నెమ్మదిగా ఉంది, ఇంకోటి ఘాటుగా ఉంది. తిప్పాను, వాసన చూశాను, ఉమ్మాను. సిగ్గు ఎప్పుడో పోయింది.

"ప్రతిమగారూ, అబద్ధం చెప్పను. ఈ రెండింట్లో నాకు అనుమానంగా ఉంది. వయసు పెరిగితే ఘాటు తగ్గాలి కాబట్టి, ఘాటుది ఐదేళ్లది, నెమ్మదిది ఆరేళ్లది అనుకుంటున్నా. ఖాయంగా చెప్పలేను."

తను ఆ రెండు గ్లాసుల్నీ దగ్గరికి జరుపుకుంది. "నాకు కావాల్సిందే ఆ ఆరేళ్లది" అంది. "తెలీదని చెప్పినందుకు థాంక్స్. చాలామంది చెప్పరు."

మైదా ఉడికించి లేబుళ్లు అంటించాం. నేను పట్టుకుంటే తను పూసింది. మూడో సీసా దగ్గర వేళ్లు తగిలాయి. ఇద్దరం మైదా గురించి చాలా శ్రద్ధగా మాట్లాడుకున్నాం.

శుక్రవారం మూడు పూటలా మిరియాల చారు ఫ్లాస్కులో పోసి నాలుగో అంతస్తుకి మోశాను. పొద్దున "థాంక్సండీ" అంది. మధ్యాహ్నం "కారం ఎక్కువైంది సుధీంద్రా" అంది. సాయంత్రానికి "రేపు నువ్వూ రా, భయంగా ఉంది" అంది. మూడు పూటల చారులో 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. అమ్మ వైద్యం ఊరికే పోదు.

* * *

శనివారం షాపులో పన్నెండు మంది ఉన్నారు. ఫ్రావ్ లిండ్నర్ తెల్లజుట్టు మనిషి, కళ్లద్దాలు గొలుసుకి వేలాడుతున్నాయి. వెనక వరసలో సూటూ టై వేసుకుని, ఆపరేషన్ థియేటర్ బయట కూర్చున్న బంధువులా భాస్కరమూర్తిగారు. నేను గోడకి అతుక్కుని నిలబడ్డాను.

ప్రతిమ నల్లచీరలో వచ్చింది. అది చూసి నేను గోడకి ఇంకాస్త అతుక్కున్నాను.

నాలుగేళ్లది పోసింది, దాని గురించి మాట్లాడింది. అందరూ రుచి చూసి తలలూపారు. తర్వాత ఐదేళ్లదని లేబుల్ ఉన్న సీసా తీసి గ్లాసులో వంచి, మామూలుగా ముక్కు దగ్గర పెట్టుకుంది.

ఆగిపోయింది.

మళ్లీ వాసన చూసింది. కళ్లెత్తి నావైపు చూసింది. ముక్కు తెరుచుకుంది! అది ఆ మొహంలోనే తెలిసిపోయింది. ఆ తర్వాత మొహం పాలిపోవడమూ చూశాను. గబగబా పక్క సీసా తెరిచి దాని వాసన కూడా చూసింది.

తప్పు చెప్పానని నాకు అర్థమైంది. తను ఏమీ అనకుండా ముందుకు పోవచ్చు. లేబుల్ మీద ఉన్నదే చదివితే అడిగేవాళ్లు లేరు. కానీ అప్పుడు ఆరేళ్లదని అందరికీ పోసేది ఐదేళ్లదవుతుంది. గెలిచినా అబద్ధంతో గెలిచినట్టే.

ప్రతిమ గ్లాసు కింద పెట్టింది. "ఒక విషయం చెప్పాలి" అంది జర్మన్‌లో. "ఈ రెండు లేబుళ్లూ తారుమారయ్యాయి. ఐదు అని ఉన్నదే ఆరేళ్లది."

గదిలో గుసగుసలు మొదలయ్యాయి. ఫ్రావ్ లిండ్నర్ కళ్లద్దాలు పెట్టుకుంది. "తారుమారెలా అవుతాయి?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి దానంతటదే లేచింది. నాకొచ్చిన ముక్కలు ముక్కల జర్మన్‌లో గట్టిగా చెప్పాను. "నేను! నేను కడిగాను! సబ్బుతో! మామిడికాయ నూనె!"

పన్నెండు తలలూ నావైపు తిరిగాయి. భాస్కరమూర్తిగారి తల అన్నిటికన్నా నెమ్మదిగా తిరిగింది.

ప్రతిమ మిగతాదంతా చెప్పింది. జాడీ, సింకు, జలుబు, నా ముక్కు, ఏదీ దాచలేదు. తర్వాత ఆ ఘాటు సీసా ఎత్తి పట్టుకుంది. "ఇతను ఘాటుగా ఉంది కాబట్టి చిన్నదనుకున్నాడు. ఊరగాయలకి అది నిజమేనేమో. కానీ ఈ పళ్లు కోసిన ఏడాది అక్కడ ఎండలు మండిపోయాయి. నేనక్కడే ఉన్నాను. పళ్లు కోస్తుంటే నా మెడ కాలి తోలు ఊడింది. ఆ ఎండే ఈ ఘాటు. ఆరేళ్లయినా పోలేదు, కానీ ఇప్పుడది ఒక్కటే వేరుగా అరవట్లేదు. మూడు ద్రాక్షలూ కలిసిపోయాయి. నమ్మకపోతే రుచి చూడండి."

ఫ్రావ్ లిండ్నర్ రెండు గ్లాసులూ తీసుకుంది. తిప్పింది, వాసన చూసింది, నోట్లో వేసుకుంది, అందరి ముందూ నిక్షేపంగా ఉమ్మింది.

"ఇదే ఆరేళ్లది" అంది. "ప్రతిమ చెప్పిందే నిజం." తర్వాత నవ్వింది. "లేబుల్ చదివి రుచి చెప్పేవాళ్లని నలభయ్యేళ్లుగా చూస్తున్నాను. రుచి చూసి లేబుల్ తప్పని చెప్పినవాళ్లని ఇవాళే చూశాను. అదీ తనకే నష్టమని తెలిసి! హానోవర్ ఆయనకి సోమవారం ఫోన్ చేసి రావద్దని చెబుతాను."

చప్పట్లు మోగాయి. ప్రతిమ కళ్లు చెమర్చాయి. నావి కూడా, కానీ నేను అది మిరియాల ప్రభావమని ఎవరడిగినా చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను.

భాస్కరమూర్తిగారు లేచి కూతురి దగ్గరికి వెళ్లారు. ఆరేళ్ల గ్లాసు తీసుకుని ఒక్క గుక్క రుచి చూశారు. "వాసన చూసి రోగం కనిపెట్టే డాక్టర్లు పూర్వం ఉండేవారు" అన్నారు మెల్లగా. "మా కాలానికే పోయారనుకున్నా. ఒకరు మా ఇంట్లోనే ఉన్నారని తెలీలేదమ్మా. ఇక ఎవరైనా అడిగితే మా అమ్మాయి వైన్ నిపుణురాలనే చెబుతాను."

ప్రతిమ తండ్రి భుజం మీద తల పెట్టి ఏడ్చేసింది. నేను బయటికి జారుకోబోతుంటే వెనకనుంచి గొంతు వినిపించింది.

"ఏమయ్యా, కడిగిన అబ్బాయ్!"

"సార్..."

"ఆ ఆవకాయ ఏడాదిదా, రెండేళ్లదా?"

"రెండేళ్లదండీ. నూజివీడు."

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించారు. "ఆదివారం మా ఇంటికి భోజనానికి రా. ఆ జాడీ నిలబెట్టి తీసుకురా, పడుకోబెట్టకు."

* * *

ఆ తర్వాత చాలా ఆదివారాలు గడిచాయి. ఏప్రిల్ చివర్లో అమ్మ కొత్తావకాయ పార్సిల్ వచ్చింది. జాడీ పెట్టడానికి కెల్లర్‌కి దిగితే ప్రతిమ అక్కడే ఉంది. మా గదుల మధ్య తడిక పట్టీలు ఊడదీసి పక్కన పేర్చింది.

"ఇంటివాడు తిడతాడు" అన్నాను.

"పర్మిషన్ తీసుకున్నా. కాగితం మీద!" అంటూ ఒక సీసా నా చేతిలో పెట్టింది. ఆ ఫ్రాన్స్ రైతు కొత్త వైన్. ఖాళీ లేబుల్, ఇంకా తడిగా ఉన్న మైదా. "దీన్ని ఎప్పుడు తెరవాలో నువ్వు రాయి. నీ అక్షరాలైతే ఎవరూ కడగరు."

ఆరు నెలలుగా నోట్లో తిరుగుతున్న మాట, చెప్పడానికి ధైర్యం చాలని మాట, పెన్ను పట్టుకోగానే వచ్చేసింది. రాశాను. అక్షరాలు వంకరపోయాయి. తనకి అందించాను.

'మన పెళ్లయిన ఐదేళ్లకి తెరవాలి.'

ప్రతిమ చదివింది. సీసా వెలుతురుకి పట్టి తిప్పింది. మొహంలో ఏమీ తెలీనివ్వలేదు. నా గుండె కొట్టుకోవడం వాళ్ల నాన్నగారు చూసుంటే అంబులెన్స్ పిలిచేవారు.

"ఈ వైన్ ఆరేళ్లకి మించి ఆగకూడదు" అంది సీరియస్‌గా. "షాపులో పన్నెండు మంది ముందు చెప్పాను, మాట తప్పలేను."

"అయితే?"

"కోసి అప్పుడే ఏడు నెలలైంది. ఇంజినీరువి కదా, లెక్క వెయ్యి."

వేశాను. ఆరేళ్లలో ఏడు నెలలు పోయాయి. అందులోంచి పెళ్లయ్యాక ఐదేళ్లు తీసేస్తే...

"ఇంక ఐదు నెలలే ఉన్నాయి!" అన్నాను.

"గెనావ్" అంది ప్రతిమ. అంటే సరిగ్గా అంతే అని. సీసాని జాగ్రత్తగా స్టాండులో పడుకోబెట్టింది. పక్కన నా జాడీని నిలబెట్టి, మూత గట్టిగా బిగించింది. "మీ అమ్మకి ఫోన్ చెయ్యి. ఐదు నెలల్లో పెళ్లి భోజనాలకి ఎంత ఆవకాయ కావాలో ఆవిడకి ముందే తెలియాలి."